ఉక్కు దొర పార్కులో పుట్టిన పాట

పిట్స్‌బర్గ్‌లో మేముండే పేటకు ఆనుకుని ఫ్రిక్ పార్కు ఉంది. పార్కు అన్నది పేరుకే, నిజానికి అది ఆరు వందల ఎకరాలు దాటిన అడవి. లోయలు, వాగు, సాయంత్రమైతే జింకలు. ఒక అంచున పిల్లలు ఆడుకునే చోటు ఉంది. అక్కడ కొండవాలులోకి ఒదిగేలా సిమెంటుతో కట్టి, నీలం రంగు వేసిన జారుడుబల్ల ఒకటి ఉంది. పిల్లలు అట్టముక్కలు కింద వేసుకుని సర్రున జారుతుంటారు. ఈ ఊరు వచ్చిన కొత్తలో నాకు అర్థం కానిదల్లా అక్కడికొచ్చే పెద్దవాళ్ళే. పాతికేళ్ళు దాటినవాళ్ళు, పక్క రాష్ట్రాల నంబరు ప్లేట్లున్న కార్లలో వచ్చి, ఆ జారుడుబల్ల ముందు నిలబడి ఫొటోలు తీసుకునేవారు. కొందరు పూలు పెట్టి వెళ్ళేవారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. ఇంటికొచ్చి మా అబ్బాయిని అడిగితే, "అది మాక్ ఆడుకున్న పార్కమ్మా" అన్నాడు, అంతకు మించి చెప్పవలసింది ఏమీ లేనట్టు.

మాక్ అంటే మాక్ మిల్లర్. అసలు పేరు మాల్కమ్ జేమ్స్ మెకార్మిక్. ర్యాప్ పాటగాడు. పంతొమ్మిదో ఏట విడుదల చేసిన తొలి ఆల్బమ్ అమెరికా అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఇరవై ఆరో ఏట చనిపోయాడు. ఆ తొలి ఆల్బమ్‌కి అతను పెట్టుకున్న పేరు ‘బ్లూ స్లైడ్ పార్క్’. పేరు ఈ జారుడుబల్లదే.

అతని గురించి మీకు చెప్పాలని కూర్చుంటే కథ మొదట్లో అతను కనిపించడం లేదు, ఆ పార్కు ఇచ్చినవాడు కనిపిస్తున్నాడు. ఈ దేశ చరిత్ర నాకు పుస్తకాల్లో కంటే ఈ అడవి దారుల్లోనే ఎక్కువ అర్థమైంది కాబట్టి, కాస్త ఓపిక పట్టండి.

హెన్రీ క్లే ఫ్రిక్ ఈ ప్రాంతపు ఉక్కు దొర. బొగ్గును కాల్చి కోక్‌గా మార్చే బట్టీలతో కోటీశ్వరుడై, ఆండ్రూ కార్నెగీకి భాగస్వామి అయ్యాడు. వాళ్ళిద్దరూ సభ్యులుగా ఉన్న ఒక షికారు క్లబ్బు కొండల మీద ఒక చెరువును తన విలాసానికి ఉంచుకుంది. గట్టును సరిగా చూసుకోలేదు. 1889లో గట్టు తెగి కింద ఉన్న జాన్స్‌టౌన్ ఊరు మునిగింది. రెండు వేల రెండు వందల మందికి పైగా చనిపోయారు. మూడేళ్ళ తర్వాత, 1892లో, హోమ్‌స్టెడ్ ఉక్కు కార్ఖానాలో కూలి తగ్గింపు మీద గొడవ వచ్చింది. ఫ్రిక్ కార్ఖానా చుట్టూ కంచె కట్టించి, కార్మికులను బయట ఉంచి తాళం వేశాడు. పింకర్టన్ అనే ప్రైవేటు కాపలా సంస్థ నుంచి మూడు వందల మంది సాయుధులను పడవల మీద మొనాంగహేలా నది గుండా రాత్రికి రాత్రి రప్పించాడు. జూలై 6న తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా నది ఒడ్డున కాల్పులు జరిగాయి. రెండు వైపులా మనుషులు చనిపోయారు. గవర్నరు సైన్యాన్ని పంపాడు. కార్మిక సంఘం విరిగిపోయింది. ఉక్కు కార్మికులు మళ్ళీ గట్టిగా సంఘం కట్టుకోవడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ ఫ్రిక్కే 1919లో చనిపోతూ పార్కు కోసం నూట యాభై ఎకరాలు ఊరికి రాసిచ్చాడు. ఊళ్ళో పిల్లలకు ఆడుకోవడానికి చోటు కావాలని కూతురు హెలెన్ అడిగిందనీ, ఆమె మాట కోసమే ఇచ్చాడనీ చెప్పుకుంటారు. ఆకులు రాలే కాలంలో ఆ దారుల్లో నడుస్తుంటే నాకు మనసు నిండుతుంది, అంతలోనే ఇబ్బంది పడుతుంది. ఆ చెట్ల నీడ ఎవరి చెమటతో కొన్నదో తెలిశాక ఊరికే నడవడం కష్టం. అలాగని ఆ నీడ అబద్ధమూ కాదు. ఈ దేశంలో నాకు నచ్చిన చాలా గ్రంథాలయాలు, మ్యూజియంలు, సంగీత మందిరాలు ఇలాంటివే.

ఉక్కు తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1950లో ఈ ఊరి జనాభా ఆరు లక్షల డెబ్బయి వేలు దాటి ఉండేది. 1980లలో కార్ఖానాలు వరసగా మూతపడ్డాయి. హోమ్‌స్టెడ్ కార్ఖానా 1986లో ఆగిపోయింది. 1990 నాటికి ఊళ్ళో మిగిలింది దాదాపు మూడు లక్షల డెబ్బయి వేలు. ఇవాళ హోమ్‌స్టెడ్ కార్ఖానా స్థలంలో దుకాణాలు, సినిమా హాళ్ళు ఉన్నాయి, పక్కన పన్నెండు ఇటుక పొగగొట్టాలు మాత్రం వరసగా నిలబెట్టి ఉంచారు. ఉక్కు పోయినచోట ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు పెరిగాయి. వాటి కోసమే మనవాళ్ళు వచ్చారు. నిజానికి అంతకు ముందే వచ్చారు. ఊరి శివారు పెన్ హిల్స్‌లో మన వేంకటేశ్వరస్వామి గుడికి కుంభాభిషేకం జరిగింది 1977లో. అమెరికాలో మొదట వెలసిన గుళ్ళలో అదొకటి. కార్ఖానాలు చల్లబడుతున్న ఊళ్ళో తిరుపతి నమూనా గోపురం లేచింది.

మాల్కమ్ 1992 జనవరి 19న పుట్టాడు. అప్పటికి ఉక్కు యుగం ముగిసింది. తండ్రి ఆర్కిటెక్టు, తల్లి ఫొటోగ్రాఫరు. పార్కు పక్కనే పాయింట్ బ్రీజ్ అనే పేటలో ఇల్లు. ఫ్రిక్ కాపురమున్న భవంతి కూడా ఆ పేటలోనే ఉంది. తల్లి యూదు, తండ్రి క్రైస్తవుడు. పిల్లవాణ్ణి యూదు సంప్రదాయంలో పెంచారు. చిన్నప్పుడే పియానో, గిటారు, డ్రమ్స్, బేస్ తనంతట తానే నేర్చుకున్నాడు. మధ్యతరగతి ఇల్లు, చదువుకున్న తల్లిదండ్రులు. ర్యాప్ అనగానే మన సినిమాలు చూపించే ఇరుకు సందులు, తుపాకులు అతని బాల్యంలో వెతకకండి.

అతను చదివిన హైస్కూలు టేలర్ ఆల్డర్‌డైస్. ఆ పేరు కూడా ఒక ఉక్కు గొట్టాల కంపెనీ అధ్యక్షుడిదే. ఈ ఊళ్ళో ఏ రాయి ఎత్తినా కింద ఉక్కు ఉంటుంది. ఆ స్కూల్లోనే మాక్ కంటే కొన్నేళ్ళ ముందు చదివినవాడు విజ్ ఖలీఫా. పిట్స్‌బర్గ్ జట్ల నలుపు పసుపు రంగుల మీద అతను పాడిన పాట 2011లో దేశమంతా మోగింది. ఒకే సర్కారు బడి నుంచి ఇద్దరు ర్యాపర్లు, ఇద్దరూ రోస్ట్రమ్ అనే ఒక చిన్న స్థానిక రికార్డింగ్ సంస్థ నుంచే పైకొచ్చారు.

ర్యాప్ ఎక్కడిదో మీకు కొంత తెలిసే ఉంటుంది. 1973 ఆగస్టులో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ వినోదశాలలో జరిగిన పార్టీని దాని పుట్టుకగా చెబుతారు. ఆ రాత్రి రికార్డులు తిప్పింది జమైకా నుంచి వలస వచ్చిన కుర్రాడు, డీజే కూల్ హెర్క్. కానీ పిట్స్‌బర్గ్‌లో నల్లవారి సంగీతం అంతకంటే చాలా పాతది. మాల్కమ్ ఉన్న పేట దాటితే హోమ్‌వుడ్. అక్కడి వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లో చదివినవాళ్ళు బిల్లీ స్ట్రేహార్న్, ఎరల్ గార్నర్, అహ్మద్ జమాల్. జాజ్ ఎరిగినవాళ్ళకు ఈ మూడు పేర్లూ చాలు. ఊరి నడిబొడ్డున హిల్ డిస్ట్రిక్ట్‌లో రాత్రంతా జాజ్ వినిపించే క్లబ్బులుండేవి. 1950లలో ఒక పెద్ద క్రీడా మందిరం కట్టడానికని ఆ పేట దిగువ భాగాన్ని నేలమట్టం చేశారు. ఎనిమిది వేల మందికి పైగా ఇళ్ళు పోయాయి. తర్వాత ఆ మందిరాన్నీ కూల్చేశారు. ఈ సంగతి చదివినప్పటి నుంచి, ఈ ఊళ్ళో నల్లవారి పాటను ఒక తెల్లపిల్లవాడు అందుకుని పైకెళ్ళడం గురించి ఆలోచించినప్పుడల్లా ఆ కూలిన ఇళ్ళు నాకు గుర్తొస్తాయి.

పదిహేనో ఏట మాల్కమ్ ఆటలు పక్కనపెట్టి ర్యాప్ పట్టాడు. ‘ఈజీ మాక్’ అని పేరు పెట్టుకుని 2007లో సొంతంగా ఒక పాటల సంపుటి తెచ్చాడు. ఈస్ట్ లిబర్టీలో షాడో లౌంజ్ అని ఒక చోటు ఉండేది. అక్కడ ర్యాపర్లకు పోటీలు పెట్టేవారు. గేమ్ షో తరహాలో ఒకదాని తర్వాత ఒకటి పరీక్ష. 2009లో అక్కడ మాల్కమ్ చివరి దశ దాకా వెళ్ళాడు. అప్పటికి పదిహేడేళ్ళవాడు.

ఆ పోటీల గురించి తెలుసుకున్నప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. రాజమండ్రిలో అవధానం ఎక్కడ జరిగినా ఆయన నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. నాకు పద్యాలు అర్థమయ్యే వయసు కాదు. కానీ పృచ్ఛకుడు అవధానికి అడ్డం పడే ఆ క్షణం అర్థమయ్యేది. దత్తపదిలో నాలుగు పొంతన లేని మాటలు ఇస్తారు, వాటిని ఇముడుస్తూ పద్యం చెప్పాలి. నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరానికీ అడ్డు కడతారు. అప్రస్తుత ప్రసంగంవారు మధ్యలో లేచి ధ్యాస చెదరగొడతారు. ర్యాప్ కుర్రాళ్ళు గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు అల్లే చోట కూడా ఇదే ఒత్తిడి. డ్రమ్ము ఆగదు, మాట తడబడితే చుట్టూ ఉన్నవాళ్ళు క్షమించరు, ఎదుటివాడు అన్న మాటనే పట్టుకుని తిరగేసి కొట్టాలి. మనకు ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది, వాళ్ళకు చరణం చివర, మధ్యలో, ఎక్కడ కుదిరితే అక్కడ. యతి స్థానంలో వాళ్ళకు తాళం ఉంది.

ఇక గొప్పలు చెప్పుకోవడం. ర్యాపర్లు తమను తాము పొగుడుకుంటారని మన పెద్దలు ముఖం చిట్లిస్తారు. తిరుపతి వేంకట కవులు చేసిందేమిటి? పండితులకు మీసాలేమిటని అడిగినవాళ్ళకు, కవిత్వంలో మమ్మల్ని గెలిస్తే తీసేస్తామని పద్యంలోనే సవాలు విసిరారు. సంస్థానం నుంచి సంస్థానానికి తిరిగి ఏనుగులెక్కారు, సన్మానాలు పుచ్చుకున్నారు, ప్రతివాదులను పద్యాలతో చీల్చి చెండాడారు. కొప్పరపు కవులతో వాళ్ళకున్న పోటీ ఆంధ్రదేశాన్ని రెండు పక్షాలుగా చేసింది. తాతయ్య ఆ పద్యాలు చదువుతూ తొడ చరిచేవారు. ఆయన బతికి ఉంటే షాడో లౌంజ్‌లో ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చునేవారని నా నమ్మకం. భాష రాకపోయినా ధార ఎక్కడ తెగిందో ఆయన చెవి పట్టేసేది. ఒకటి మాత్రం పొసగదు. మన అవధాని ఎంత చెప్పినా తన వీధి పేరు చెప్పడు. రాముడు, ఋతువులు, పురాణం, ఇవే వస్తువులు. ర్యాపర్‌కు తన వీధే పురాణం. మాల్కమ్ తన పాటల్లో ఫ్రిక్ పార్కు పక్క కిరాణా దుకాణాన్ని కూడా వదల్లేదు. ఆ దుకాణం పేరుతో ఏకంగా ఒక పాటే ఉంది. మా గోదావరి గట్టు మీద మా వీధి పేరు ఏ అవధానంలోనూ వినలేదే అని, ఇంత దూరం వచ్చాక ఇప్పుడు బాధపడుతున్నాను.

2010లో స్కూలు ముగిసిన వేసవిలోనే రోస్ట్రమ్‌తో ఒప్పందం కుదిరింది. ఆగస్టులో ‘కిడ్స్’ అనే సంపుటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా వదిలారు. కాలేజీ పిల్లలు ఎగబడి విన్నారు. 2011 నవంబరులో ‘బ్లూ స్లైడ్ పార్క్’ వచ్చింది. మొదటి వారంలోనే లక్షా నలభై వేలకు పైగా అమ్ముడై, బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానం దక్కించుకుంది. పెద్ద కంపెనీల పంపిణీ లేకుండా వచ్చిన తొలి ఆల్బమ్ ఆ స్థానానికి చేరడం 1995 తర్వాత అదే మొదలు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు తను ఆడుకున్న జారుడుబల్లను దేశం నడిమధ్య నిలబెట్టాడు.

విమర్శకులు మాత్రం చితక్కొట్టారు. పిచ్‌ఫోర్క్ అనే పేరున్న సంగీత పత్రిక పదికి ఒక్క మార్కు ఇచ్చింది. ఆల్బమ్ విన్నాను. కుర్రతనం, పార్టీలు, డబ్బు, అంతే చాలా పాటల్లో. మార్కు కఠినమే గానీ ఫిర్యాదు అన్యాయం కాదు. అప్పట్లోనే అతను ‘డోనల్డ్ ట్రంప్’ పేరుతో, అంత డబ్బు సంపాదిస్తానని ఒక పాట చేశాడు. ట్రంప్ మొదట మురిసిపోయాడు, తర్వాత తన పేరు వాడినందుకు డబ్బివ్వమని ట్విట్టర్‌లో గొడవకు దిగాడు. తర్వాతి కాలంలో మాక్ ఆయన రాజకీయాలను బాహాటంగా వ్యతిరేకించాడు. బ్రాంక్స్‌కు చెందిన లార్డ్ ఫినెస్ అనే పెద్ద తరం ర్యాపర్, తన పాట బీటును మాక్ ఒక పాటలో వాడుకున్నాడని 2012లో కోటి డాలర్ల దావా వేశాడు. అది రాజీలో ముగిసింది. ఉచితంగా వదిలిన పాటే కావచ్చు, కానీ ఆ పాట పేరు తెచ్చింది, పేరు డబ్బు తెచ్చింది. నల్లవారి పేటలో పుట్టిన బీటు మీద ఎవరికి ఎంత దక్కాలన్న ప్రశ్న ఈ దేశ సంగీతంలో మొదటి నుంచీ ఉంది, కోర్టు రాజీతో తీరేది కాదు. నా వరకు నేను ఫినెస్ పక్షమే.

తొలి ఆల్బమ్ మీద వచ్చిన విమర్శ మాల్కమ్‌ను లోపల కొట్టింది. పర్యటనల ఒత్తిడిలో కోడీన్ కలిసిన దగ్గు మందు సిరప్‌కు అలవాటు పడ్డాడు. ఆ సంగతి తనే తర్వాత దాచకుండా చెప్పాడు. పేరు నిలబెట్టుకోవడానికి అదే పాటను మళ్ళీ మళ్ళీ పాడి ఉండవచ్చు. అతను ఆ దారి వదిలేశాడు. లాస్ ఏంజిలిస్‌కు వెళ్ళి, ఇంట్లోనే స్టూడియో పెట్టి, తలుపులు తెరిచి ఉంచాడు. ఎర్ల్ స్వెట్‌షర్ట్, విన్స్ స్టేపుల్స్, స్కూల్‌బాయ్ క్యూ వంటి నల్లజాతి ర్యాపర్లు ఆ ఇంట్లోనే రోజుల తరబడి పాటలు కట్టారు. ‘లారీ ఫిషర్‌మన్’ అని మరో పేరు పెట్టుకుని విన్స్ స్టేపుల్స్ సంపుటికి సంగీతం చేశాడు. తన పేరు కనబడని చోట కూర్చుని పని నేర్చుకున్నాడు. నాకు అతని మీద గౌరవం పుట్టింది ఇక్కడే. 2013లో వచ్చిన ‘వాచింగ్ మూవీస్ విత్ ది సౌండ్ ఆఫ్’ వింటే రెండేళ్ళ క్రితం మనిషేనా అనిపిస్తుంది. తర్వాత వార్నర్ బ్రదర్స్ ఒప్పందం, 2015లో ‘గుడ్ ఏఎం’, 2016లో ‘ది డివైన్ ఫెమినిన్’. ప్రతిసారీ గొంతు మారింది. ర్యాప్‌లోంచి పాడటంలోకి, డ్రమ్ములోంచి పియానోలోకి జరుగుతూ వచ్చాడు.

2018 ఆగస్టు 3న ‘స్విమ్మింగ్’ వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందు గాయని అరియానా గ్రాండేతో అతని బంధం ముగిసింది. మత్తులో కారు నడిపి స్తంభానికి గుద్ది అరెస్టయ్యాడు. పత్రికలకు అదే పండగ. ఆల్బమ్‌లో మాత్రం ఎవరి మీదా నింద లేదు. నీళ్ళలో తేలుతూ ఒడ్డును చూస్తున్న మనిషి గొంతు అందులో ఉంది. ఎన్‌పీఆర్ రేడియోవారి ఆఫీసులో, పుస్తకాల అరల మధ్య అతను చేసిన చిన్న కచేరీ ఆ నెలలోనే బయటికొచ్చింది. వెనక థండర్‌క్యాట్ బేస్ వాయించాడు, ఒక పాటకు వయొలిన్లు చేరాయి. మా అబ్బాయి చూపిస్తే ఆ వీడియో చూశాను. మాటల మధ్య సిగ్గుపడుతూ నవ్వే ఆ కుర్రాడికి ఇరవై ఆరేళ్ళు. ఆ వీడియో చూసిన ప్రతి తల్లీ నాలాగే అతని భోజనం సంగతి అడగాలనుకుని ఉంటుంది.

సెప్టెంబరు 7న లాస్ ఏంజిలిస్‌లో, స్టూడియో సిటీ పేటలోని తన ఇంట్లో చనిపోయి కనిపించాడు. ఫెంటనిల్, కొకెయిన్, మద్యం కలిసి ప్రాణం తీశాయని వైద్య పరీక్షలో తేలింది. ఆక్సికోడోన్ అని అమ్మిన నకిలీ మాత్రల్లో ఫెంటనిల్ ఉంది. ఆ మాత్రలు చేతులు మారిన దారి మీద ముగ్గురిపై కేసు పెట్టారు, 2022లో ఇద్దరికి పదేళ్ళు దాటిన జైలు శిక్షలు పడ్డాయి. అరియానా వల్లే పోయాడని జనం ఆమెను వేధించారు. అది దారుణం. మత్తు మాత్రల వ్యాపారం చేసిన పనికి ఒక అమ్మాయిని బోను ఎక్కించారు.

ఆ వ్యాపారానికి చరిత్ర ఉంది. 1996లో పర్డ్యూ ఫార్మా ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్ర తెచ్చి, అలవాటు పడే ప్రమాదం తక్కువని డాక్టర్లను నమ్మించింది. గనులు, కార్ఖానాలు మూతపడి, ఒంటి నొప్పులూ నిరుద్యోగమూ మిగిలిన ప్రాంతాల్లో ఆ మాత్ర గడ్డివాములో నిప్పులా పాకింది. చీటీల మీద కట్టడి వచ్చాక జనం హెరాయిన్‌కు, అక్కడ నుంచి ఫెంటనిల్‌కు మళ్ళారు. పిట్స్‌బర్గ్ ఉన్న ఆలిగెనీ కౌంటీలో 2017 ఒక్క ఏడాదే మత్తు మందులతో ఏడు వందల మందికి పైగా చనిపోయారు. మాల్కమ్ పోయిన ఏడాది దేశం మొత్తం మీద అరవై ఏడు వేల మందికి పైనే. వాళ్ళలో ఎక్కువమంది పేర్లు వాళ్ళ వీధి దాటలేదు. మీ పిల్లలు ఈ దేశంలో చదువుతుంటే ఈ వారం ఫోనులో ఒక్క మాట చెప్పండి: ఫార్మసీవాళ్ళు మీ పేరు రాసి ఇచ్చిన సీసాలో మాత్ర తప్ప, స్నేహితుడి చేతి నుంచైనా మరొకటి నోట్లో వేసుకోవద్దని.

అతను పోయిన కొద్ది రోజులకు నీలం జారుడుబల్ల దగ్గర జనం కొవ్వొత్తులతో గుమిగూడారు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 27న, పక్కనే ఉన్న స్క్విరిల్ హిల్‌లో ట్రీ ఆఫ్ లైఫ్ యూదు ప్రార్థనాలయంలో ఒకడు కాల్పులు జరిపి పదకొండు మందిని చంపాడు. ఒకే శరదృతువులో ఈ ఊరి తూర్పు పేటలు రెండుసార్లు కొవ్వొత్తులు వెలిగించాయి.

2019 గ్రామీ పురస్కారాలకు ‘స్విమ్మింగ్’ పేరు వెళ్ళింది, పురస్కారం రాలేదు. సగంలో ఆగిన తర్వాతి ఆల్బమ్‌ను సంగీత దర్శకుడు జాన్ బ్రయన్ పూర్తి చేయగా 2020 జనవరిలో ‘సర్కిల్స్’ పేరుతో కుటుంబం విడుదల చేసింది. 2025 జనవరిలో పాత రికార్డింగుల ‘బలూనరిజం’ వచ్చింది. అతని పేరున పెట్టిన నిధి పిల్లలకు సంగీతం, కళలు నేర్పే సంస్థలకు సాయం చేస్తోంది.

మొదటి స్థానం తెచ్చిన ఆల్బమ్ అతని మంచి పని కాదు. మంచి పని ‘స్విమ్మింగ్’, ‘సర్కిల్స్’ రెండింటిలో ఉంది, అవి అతనికి ఆ స్థానం తేలేదు. ‘సర్కిల్స్’ ముందు వినండి, తర్వాత ‘స్విమ్మింగ్’, ‘బ్లూ స్లైడ్ పార్క్’ ఆఖరున. మాటలు అందకపోతే ఇంట్లో ఉన్న పదిహేనేళ్ళ పిల్లల్ని అడగండి. వాళ్ళకు ఇతను మనకంటే ముందే తెలుసు.